బంపరు మీద ఉత్తకాళ్ళు

గిడియోన్‌కు లారీ కనపడితే మనిషి కనపడడు. ముప్పై ఏడేళ్ళు కాపురం చేసి ఆయన భార్య రాజకుమారి తేల్చిన మాట ఇది. పెళ్ళి ఆల్బం తెరిచినా ఆయన వేలు పెళ్ళికూతురి మీద ఆగదు, చర్చి గేటు బయట నిలబడ్డ మెటాడోర్ వ్యాను మీద ఆగుతుంది. దాని మోడల్ సంవత్సరంతో సహా చెప్తాడు. పెళ్ళికూతురు ఏ రంగు చీర కట్టుకుందో అడిగితే మాత్రం ఫ్యాను వైపు చూస్తాడు.

సెంటినరీ కాలనీలో, గనిలో పనిచేసే కొడుకు పేర ఉన్న క్వార్టర్లో, వరండాలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, చేతిలో ఫోను, మోకాలి మీద భూతద్దం పెట్టుకుని కూర్చునే మనిషి గిడియోన్. వయసు అరవై నాలుగు. బొగ్గు కంపెనీ వర్క్‌షాపులో ముప్పై ఆరేళ్ళు మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. తండ్రి యేసయ్య కూడా మెకానిక్కే, కంపెనీలో కాదు, బొగ్గు తోలే ఒక కాంట్రాక్టర్ దగ్గర. గిడియోన్‌కు ఎనిమిదేళ్ళప్పుడు పచ్చకామెర్లతో పోయాడు. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఫోటో ఒక వానాకాలం రేకుల కప్పు కురిసి, అద్దానికి అతుక్కుపోయి, తెల్లమచ్చ అయిపోయింది. తండ్రి ముఖం గుర్తు చేసుకుందామని కళ్ళు మూసుకుంటే గిడియోన్‌కు ఆ తెల్లమచ్చే కనపడుతుంది.

పదో తరగతి తప్పి, మంచిర్యాల దారిలో ఒక పాత ఇనుము షెడ్డులో పనికి కుదిరాడు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్ళు వేలం వేసిన లారీలను కాంట్రాక్టర్లు కొని, బొగ్గుకూ కలపకూ ఇసుకకూ తిప్పి తిప్పి, ఇక కదలవు అనుకున్నప్పుడు ఆ షెడ్డుకు తోలేవారు. వాటిని విప్పడం గిడియోన్ పని. నాలుగేళ్ళు విప్పాడు. బడిలో ఎక్కని చదువు అక్కడ ఎక్కింది.

తర్వాత కంపెనీ కొలువు దొరికింది. వర్క్‌షాపులో ఆయనకొక వింత అలవాటుండేది. ఏ బండి ఎక్కాలన్నా కాళ్ళకున్నవి విడిచి, రెండూ జతగా కింద పెట్టి, ఉత్తకాళ్ళతో బంపరు మీద నిలబడేవాడు. అన్నం పెట్టే బండి మీద చెప్పుకాలు మోపకూడదనేవాడు. ఎక్కడ పట్టుబడిందో ఆయనకే తెలియదు. సేఫ్టీ బూట్లు విప్పుతున్నాడని రెండుసార్లు మెమో కూడా ఇచ్చారు. "డంపరు ఏమన్న చర్చా, బయట విడిచిపెట్టనీకి?" అని దోస్తులు నవ్వేవారు.

రిటైరయ్యాక ఆ పాత ఇనుము చదువే అక్కరకొచ్చింది. కొడుకు సంపత్ ఆయనను ఫోనులో ఒక గ్రూపులో చేర్పించాడు. పాత బండ్లంటే పిచ్చి ఉన్నవాళ్ళు నాలుగు వందల మంది అందులో ఉన్నారు. తాతల పెట్టెల్లో దొరికిన యుద్ధకాలం ఫోటోలు పెట్టి, ఇదేం బండి అని అడుగుతారు. గిడియోన్ చెప్తాడు. ముందు స్టీరింగ్ చూడాలి. ఎడమకుంటే అమెరికా బండి, కుడికుంటే ఇంగ్లండుదో కెనడాదో. తర్వాత ముందు అద్దం. అద్దం పైభాగం ముందుకు వాలి నేలను చూస్తున్నట్టుంటే అది కెనడాలో చేసిన చప్పిడి ముక్కు లారీ. ఎండకు అద్దం తళుక్కుమని విమానంలో ఉన్నవాడి కంట పడకూడదని అట్లా వంచారు. ఆ చప్పిడి ముక్కు బండ్లను ఫోర్డు వాళ్ళూ చేశారు, షెవర్లెట్ వాళ్ళూ చేశారు. పైకి చూస్తే కవల పిల్లలు. ముందరి జాలీ గళ్ళు చదరంగా ఉంటే ఫోర్డు, డైమండు ఆకారంలో ఉంటే షెవర్లెట్. ఇవన్నీ ఆయన మెసేజ్ కొట్టడు, మైకు నొక్కి మాట్లాడి పంపుతాడు. "గిడియోన్ అన్న చెప్పిండంటే తిరుగులేదు" అని పుణె నుంచి, విశాఖ నుంచి జవాబులొచ్చేవి. రెండేళ్ళు ఆయన ఆ గ్రూపుకు మకుటం లేని మహారాజు.

అప్పుడు జగదీశ్వర్ వచ్చి చేరాడు.

జగదీశ్వర్ అదే వర్క్‌షాపులో క్లర్కుగా చేసి రిటైరైన మనిషి. రెండు లైన్ల అవతలి క్వార్టర్లో ఉంటాడు. గిడియోన్ చేతులకు గ్రీజు అంటుకున్న అన్నేళ్ళూ జగదీశ్వర్ జేబుకు రెండు పెన్నులు అంటుకుని ఉండేవి. ఒకటే ఈడు, ఒకటే గేటు, అయినా ఈయన ఆయనను 'సార్' అనాలి, ఆయన ఈయనను 'గిడియోన్' అంటాడు. ముత్యాల్లాంటి దస్తూరీ. సన్మాన పత్రమైనా, సంతాప తీర్మానమైనా ఆయన రాయాల్సిందే. ఒక్క స్పానర్ పట్టింది లేదు, ఒక్క నట్టు విప్పింది లేదు. అట్లాంటివాడు ఫోనులో నాలుగు పేజీలు చదివి లారీల గురించి మాట్లాడటం మొదలుపెడితే గిడియోన్‌కు కడుపులో కుంపటి రాజుకుంది.

కుంపటి మంటయింది ఒక ఫోటో దగ్గర. ముగ్గురు జవాన్లు, వెనక సగం కనపడే లారీ. స్టీరింగ్ కుడిపక్కన. "అమెరికాది కానే కాదు, నా మాట రాసిపెట్టుకోండ్రి" అని గిడియోన్ మైకు నొక్కి చెప్పాడు. పది నిమిషాలకు జగదీశ్వర్ రాశాడు: "ముగ్గురు జవాన్లకూ గడియారం కుడిచేతికే ఉన్నది. ఫోటో తిరగేసి కడిగినట్లున్నారు. తిప్పి చూస్తే స్టీరింగ్ ఎడమకే వస్తుంది. అమెరికా బండి." నిజమే. గ్రూపులో చప్పట్ల బొమ్మలు వానలా కురిశాయి. ఎవరో 'గురువు గారూ' అన్నారు. గిడియోన్‌ను ఎన్నడూ ఎవరూ గురువు గారూ అనలేదు.

"గడియారాలు చూసుడేంది? మనుషులతోటి మనకేం పని? బండి చూడాలె" అని ఆయన అన్నం ముందు కూర్చుని రుసరుసలాడాడు.

"మనుషులను చూసిండు కాబట్టే ఆయనకు దొరికింది" అంది రాజకుమారి, పుండు మీద కారం చల్లినట్టు.

అప్పటినుంచీ గిడియోన్‌కు ఒకటే పని. జగదీశ్వర్ ఎక్కడ తప్పులో కాలేస్తాడా అని కాచుకుని కూర్చోవడం. సాయంత్రం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్‌కు కిటికీలు అదిరినా ఫోను మీంచి చూపు తీయడు. జగదీశ్వర్ సరిగ్గా చెప్తే ఆ పూట చాయ్ చేదు. ఎంత నీచంగా ఉందో ఆయనకూ తెలుసు. కాని ఓర్వలేనితనం అనేది తెలిసినంత మాత్రాన తగ్గే రోగం కాదు.

డిసెంబరులో కంపెనీ దినోత్సవం వస్తోందనగా జగదీశ్వర్ గ్రూపులో ఒక ఫోటో పెట్టాడు. కింద రాశాడు: "మా నాన్నగారు పోశం గారు. రెండో ప్రపంచ యుద్ధం, బర్మా సరిహద్దు, 1944. బండి: షెవర్లెట్."

మూతి ముందుకు చూస్తూ చప్పిడి ముక్కు లారీ. బానెట్ లేపి ఉంది. పక్కన ఖాకీ బట్టల్లో పోశం, సన్నటి మీసం, నవ్వు ముఖం. ఒక చేయి నడుము మీద, ఇంకో చేయి మడ్‌గార్డు మీద వేసి, ఆ బండి తనే కొన్నట్టు నిలబడ్డాడు. బంపరు మీద ఎవరో మెకానిక్ ఎక్కి, తల, భుజాలు ఇంజన్లో పెట్టి వంగి ఉన్నాడు. వీపూ కాళ్ళూ తప్ప వాడిదేమీ కనపడదు.

గ్రూపు ఊగిపోయింది. రిటైర్డ్ కార్మికుల సంఘం అధ్యక్షుడు ఉపేందర్ ఆ ఫోటోను నాలుగడుగుల ఎత్తున పెద్దది చేయించి, కమ్యూనిటీ హాలు గుమ్మం ఎదురుగా పెట్టాలన్నాడు. పోశం భార్య ఐలవ్వ ఇంకా ఉంది కదా, జగదీశ్వర్ వాళ్ళ తల్లి, ఎనభై ఏడేళ్ళ మనిషి. యుద్ధవీరుడి భార్య అని ఆమెకు శాలువా కప్పాలన్నాడు. పైగా గిడియోన్‌కే ఫోను చేశాడు. "అన్నా, బండి గురించి నువ్వే రెండు మాటలు మాట్లాడాలె. నీకన్నా తెలిసినోడు ఎవడున్నడు ఇక్కడ?"

ఫోను పెట్టేసి గిడియోన్ ఆ ఫోటోనే మళ్ళీ తెరిచాడు. దస్తూరీ వాళ్ళదే, పేరూ వాళ్ళదే, ఇప్పుడు యుద్ధం కూడా వాళ్ళదే అయింది. తన తండ్రికి యుద్ధం లేదు. కనీసం ముఖం కూడా లేదు. వాడి తండ్రి నాలుగడుగుల ఎత్తున గుమ్మం ఎదుట నవ్వుతాడు, తను మైకు పట్టుకుని ఆ నవ్వును పొగడాలి. సొమ్మొకడిది, సోకొకడిది అంటే ఇదే అనుకున్నాడు.

ఆ రోజే గోదావరిఖని పోయి, ఫోనులోని ఫోటోను కాగితం మీద అచ్చు తీయించుకుని వచ్చాడు. భూతద్దం పెట్టి కూర్చున్నాడు. జాలీ గళ్ళు డైమండ్లే. షెవర్లెట్. జగదీశ్వర్ సరిగ్గానే చెప్పాడని ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది. మూడో రోజు పొద్దున, లేచిన బానెట్ కింద, వంగినవాడి మోచేతుల మధ్య, రెండు నల్లటి గీతలు కనపడ్డాయి.

రబ్బరు పైపులు. రేడియేటర్ పైనుంచి ఇంజన్లోకి పోయే పైపులు. రెండు.

గిడియోన్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఫోర్డు ఇంజన్‌కు సిలిండర్లు రెండు వరుసలు, అందుకని పైన రెండు పైపులు. షెవర్లెట్‌ది ఒకే వరుస, ఒకే పైపు. అంటే ఇది షెవర్లెట్ మూతి తగిలించిన ఫోర్డు! అట్లాంటి అతుకుల బొంతలను ఆయన మంచిర్యాల షెడ్డులో ఎన్నింటినో విప్పాడు. యుద్ధం అయిపోయి, విడిభాగాలు దొరకని కాలంలో, కాంట్రాక్టర్ల దగ్గర దొరికింది దొరికినట్టు తగిలించేవాళ్ళు. ఇది బర్మా కాదు, బొగ్గుబావి పక్కన ఏదో షెడ్డు. పోశం వేసుకున్నది సైనికుడి ఖాకీ కాదు, లారీ డ్రైవర్ ఖాకీ. భూతద్దం కిందికి జరిపితే ఇంకో సాక్ష్యం దొరికింది. బంపరు మీద ఉన్నవి ఉత్తకాళ్ళు. నేల మీద టైరు చెప్పులు, జతగా.

"దొరికిండు" అన్నాడు గిడియోన్. అంత సంతోషం ఆయనకు కొడుక్కు నౌకరీ వచ్చిన రోజు కూడా కలగలేదు.

రాజకుమారికి చెప్పకుండా ఉండలేకపోయాడు. ఆమె అంతా విని, "పోయి ఆయన చెవుల చెప్పిరా. కంపెనీ పండుగ నాటికి సర్దుకుంటరు" అంది.

"చెవుల ఎందుకు చెప్పాలె? నా తప్పు ఆయన నా చెవుల చెప్పిండా? నాలుగు వందల మందిల చెప్పలే?"

"ముసలామెకు ఒక శాలువా కప్పితే నీకు ఒళ్ళెందుకు మండుతదయ్యా?"

గిడియోన్ ఇస్త్రీ చేసిన చొక్కా కోసం బీరువా తెరిచాడు.

కంపెనీ దినోత్సవం నాడు హాలు నిండిపోయింది. గుమ్మం ఎదురుగా పోశం నవ్వుతున్నాడు. ముందు వరుసలో కుర్చీలో ఐలవ్వ, పక్కన కొత్త చొక్కాలో జగదీశ్వర్. ఉపేందర్ శాలువా మడత చేత్తో పట్టుకుని, ముందుగా బండి గురించి గిడియోన్ అన్న మాట్లాడతారని మైకు ఇచ్చాడు.

"ఫోటో మంచిగున్నది" అని మొదలుపెట్టాడు గిడియోన్. "కాని ఇది లడాయి ఫోటో కాదు."

ఆయన జాలీ చూపించాడు, పైపులు చూపించాడు. కవల పిల్లల్లో ఒకరి ముఖం తెచ్చి ఇంకొకరికి పెట్టినట్టని వివరించాడు. జగదీశ్వర్ లేచాడు. ముఖం ఎర్రబడింది.

"లడాయిల మాత్రం విరిగిన బండ్లకు దొరికింది పెట్టరా, గిడియోన్? ఆడ దుకాన్లున్నయా?"

ఆ ప్రశ్న కోసమే గిడియోన్ కాచుకుని ఉన్నాడు. కర్రతో ఫోటో కింది మూలను కొట్టాడు. "పెడతరు సార్. పెట్టేటోడు బూట్లేసుకోని పెడతడు. మిలిటరోడు టైరు చెప్పులేసుకుంటడా? వాటిని ముద్దుగ జతచేసి పెట్టి, ఉత్తకాళ్ళతోటి బంపరు ఎక్కుతడా? ఇది మన దిక్కు కాంట్రాక్టర్ షెడ్డు. మీ నాయిన డ్రైవరు. వీడెవడో కూలి మెకానిక్."

వెనక వరుసల్లో ఎవరో నవ్వారు. ఆ నవ్వు పాకింది. జగదీశ్వర్ కూర్చున్నాడు, కూలబడ్డాడు అంటేనే నిజం. గిడియోన్‌కు గుండె నిండినట్టయింది. గడియారాలు చూసే కళ్ళను తను ఈ రోజు చెప్పులు చూసి ఓడించాడు.

"ఎవలన్నరు మా ఆయన లడాయికి పోయిండని?"

ఐలవ్వ గొంతు. మైకు లేకపోయినా అందరికీ వినపడింది. ఆమె కొడుకు వైపు తిరిగింది. "నువ్వన్నవా? పిలగాండ్లు బువ్వ తినకపోతే లడాయి ముచ్చట చెప్పేటోడు, గదే పట్టుకున్నవా ఇన్నేండ్లు? నన్నొక్కపారి అడిగినవా?"

ఆమె కర్ర ఊతతో లేచి, ఫోటో దగ్గరికి నడిచింది. పోశం వైపు చూడలేదు. బంపరు దగ్గర ఆగి, ఆ ఉత్తకాళ్ళను వేళ్ళతో తడిమింది.

"నేను సద్ది తీస్కపోయిన ఆ దినం. నా కండ్ల ముంగట తీసిండ్రు ఈ ఫోటో. ఫోటో ఆయన 'ఇటు సూడు' అని మూడుమాట్ల పిలిచిండు. 'చేతిల పనున్నది, నువ్వు తీస్కో' అన్నడు గని మొకం తిప్పలే." ఆమె గిడియోన్ వైపు చూసింది. "కూలి మెకానిక్ అంటవేంది బిడ్డా? చెప్పులిడిసి బండెక్కేటోడు ఈ బావుల మీద ఇంకెవడున్నడు? నీ అయ్య యేసయ్య కాదా గాయన?"

కర్ర గిడియోన్ చేతిలోంచి జారింది.

మూడు రోజులు భూతద్దం పెట్టి చూశాడు. జాలీ గళ్ళు లెక్కపెట్టాడు. పైపులను చూశాడు, ఆ పైపుల మీద ఉన్న చేతులను చూడలేదు. చెప్పులను చూశాడు, వాటిని విడిచినవాడిని చూడలేదు. ఇందాక హాలంతా నవ్వింది తన తండ్రి కాళ్ళను చూసే. నవ్వించింది తను.

ఉపేందర్ శాలువా ఏం చేయాలో తెలియక అట్లాగే నిలబడ్డాడు. ఐలవ్వే అంది: "తెచ్చిండ్రు కదా, కప్పుండ్రి. డ్రైవర్ పెండ్లానికి సలి పెట్టదా?"

జగదీశ్వర్ మాత్రం శాలువా కప్పేదాకా ఆగలేదు. నాలుగడుగుల ఫోటోను తనే దించి, చంకన పెట్టుకుని, ఎవరి ముఖం చూడకుండా బయటికి పోయాడు. ఆ సాయంత్రమే గ్రూపులోంచి ఫోటో తీసేశాడు, తనూ వెళ్ళిపోయాడు. గిడియోన్ మళ్ళీ ఒక్కడే మిగిలాడు మహారాజుగా. ఎవరో ఒక జీపు ఫోటో పెట్టి అడిగారు. ఆయన ఫోను బోర్లా పెట్టాడు.

నాలుగు రోజులు తన దగ్గరున్న కాగితాన్ని చూస్తూ కూర్చున్నాడు. ఫోను నుంచి తీసిన అచ్చు. భూతద్దం పెడితే తండ్రి వీపు చుక్కలు చుక్కలుగా విడిపోతోంది. అసలు ఫోటో జగదీశ్వర్ దగ్గరుంది. ఓర్వలేనితనం ఇంకా చావలేదు, వేషం మార్చుకుంది. వాడి తండ్రి ముఖమూ వాడికే, ఇప్పుడు నా తండ్రి వీపు కూడా వాడి బీరువాలోనేనా అని రగిలింది. ఐదో రోజు రెండు లైన్లు దాటి పోయాడు.

జగదీశ్వర్ తలుపు తీశాడు. లోపలికి రమ్మనలేదు, పొమ్మననూ లేదు. గిడియోన్ చెప్పులు విడిచి లోపలికి పోయి నిలబడ్డాడు.

"సార్, మా నాయినది ఇంకో ఫోటో లేదు."

జగదీశ్వర్ బీరువా తెరిచి, పోస్టుకార్డంత ఫోటో తెచ్చి బల్ల మీద పెట్టాడు. పక్కన కత్తెర పెట్టాడు. "మొకం మా నాయినది, వీపు మీ నాయినది. నలుగుర్ల మా నాయిన పరువు కోసినవు కదా. ఇది గూడ కొయ్యి. నీ సగం కోసుకపో."

మాట పడాల్సిందే, పడ్డాడు. కాని కత్తెర తీసుకున్నాడు. తన సగం తనకు కావాలి. ఫోటోను కిటికీ వెలుతురుకు పట్టి, ఎక్కడ కోయాలో చూశాడు. అరవై ఏళ్ళ కిందటి అచ్చు, ఇంకా గాజులా తేటగా ఉంది. పోశానికీ బంపరు మీది మనిషికీ మధ్య నల్లటి ఎడం ఉందని ఇన్నాళ్ళూ అనుకున్నాడు. ఫోనులో అది మడ్‌గార్డు లాగానే కనపడింది. ఇప్పుడు చూస్తే ఆ నలుపులో వేళ్ళున్నాయి. పోశం చేయి మడ్‌గార్డు మీద లేదు. యేసయ్య నడుముకున్న బెల్టును గుప్పిట బిగించి పట్టుకుని ఉంది. సన్నటి బంపరు మీద, ఉత్తకాళ్ళతో, తల కిందికి వంచినవాడు జారి పడకుండా.

గిడియోన్ కత్తెర తెరిచింది తెరిచినట్టే ఉంది.

"ఏమైంది? కొయ్యి" అన్నాడు జగదీశ్వర్.

"ఎక్కడ కోసినా మీ నాయిన చెయ్యి తెగుతది సార్."

జగదీశ్వర్ కళ్ళద్దాలు పెట్టుకుని దగ్గరికి వచ్చాడు. ఇద్దరూ ఆ గుప్పిటను చూశారు. గడియారాలు చూసే కళ్ళు కూడా ఇన్నేళ్ళూ దాన్ని చూడలేదు. ఆయన చూసిందంతా తండ్రి నవ్వునే.

లోపలి గదిలో మంచం కిర్రుమంది. "ఎవలు వచ్చిండ్రు?" అంది ఐలవ్వ. గిడియోన్ ఫోటో పట్టుకుని వెళ్ళి ఆమె మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. శాలువా ఆమె భుజం మీదే ఉంది. ఆయన జీవితంలో మొదటిసారి ఒక ఫోటో గురించి బండి కాని ప్రశ్న అడిగాడు.

"అవ్వా, మా నాయిన మొకం ఎట్లుంటుండె?"

ఆమె ఆయన గడ్డం పట్టుకుని వెలుతురుకు తిప్పి చూసింది.

"ఏంది బిడ్డా, మీ ఇంట్ల అద్దం లేదా?"

ముందు గదిలో జగదీశ్వర్ కత్తెర తీసి డ్రాయరులో పెట్టేశాడు.